తాగనివాళ్లని అడగండి

అలాస్కా పడమటి అంచున యూకాన్, కస్కోక్విమ్ నదులు బేరింగ్ సముద్రంలో కలిసే చోట యూపిక్ ఆదివాసుల ఊళ్లున్నాయి. బయటి ప్రపంచానికి రోడ్డు లేదు. వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది, అవి రెండూ కుదరనప్పుడు చిన్న విమానం. మద్యం, కుర్రవాళ్ల ఆత్మహత్యలు ఈ ఊళ్లను కొన్ని తరాలుగా పీడిస్తున్నాయి. చాలా ఊళ్లు ఓటు వేసుకుని మరీ మద్యాన్ని నిషేధించుకున్నాయి. అయినా దొంగచాటుగా సీసాలు వస్తూనే ఉన్నాయి.

ఆదివాసుల ఒంట్లోనే ఏదో లోపం ఉందని, వాళ్లు మందుకి తట్టుకోలేరని ఇప్పటికీ కొందరు నమ్ముతారు. దానికి ఆధారం లేదు. 2016లో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికా మొత్తం సర్వేలను పరిశీలిస్తే, అంతకుముందు నెలలో చుక్క కూడా ముట్టనివాళ్లు అక్కడి ఆదివాసుల్లో దాదాపు 60 శాతం, తెల్లవాళ్లలో 43 శాతం ఉన్నారు. మరి ఈ ఊళ్లు ఎందుకు చితికిపోయాయి? 1900లో ఫ్లూ, తట్టు కలిసి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేశాయి. ఆ తర్వాత పిల్లల్ని దూరపు హాస్టల్ బడులకు పంపి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. నేర్పే పెద్దలు పోయారు, నేర్చుకోవాల్సిన పిల్లలు దూరమయ్యారు. నా దృష్టిలో మద్యం కథ ఇక్కడ మొదలవుతుంది, సీసా దగ్గర కాదు.

1990ల్లో అలాస్కా ఆదివాసులు పరిశోధకులను తాగుడు మానినవాళ్ల గురించి, అసలు తాగనివాళ్ల గురించి అధ్యయనం చేయమన్నారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ పరిశోధన దిశనే తిప్పేసింది. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయం బృందం అలాంటివాళ్ల జీవితకథలు సేకరించింది. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించినవి: కనిపెట్టుకుని ఉండే బంధువులు, తెచ్చిన వేటను పదిమందికీ పంచే అలవాటు, తన అవసరం ఊరికి ఉందన్న నమ్మకం.

దాని మీదే కుంగస్విక్ అనే కార్యక్రమం పుట్టింది. 12 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం ఊరి పెద్దలే నడుపుతారు. 'తాగొద్దు' అనే ఉపన్యాసాల మీద ఆధారపడరు. ఒక పాఠంలో పిల్లల్ని నది మీదికి తీసుకెళ్లి, కర్రతో పొడిచి చూస్తూ మంచు ఎక్కడ మోస్తుందో, ఎక్కడ విరుగుతుందో గుర్తుపట్టడం నేర్పుతారు. అడుగు వేసే ముందు చూసుకోవడం, ముందు నడిచినవాళ్ల మాట వినడం, పక్కవాణ్ణి కనిపెట్టి ఉండడం, అన్నీ అందులోనే వస్తాయి. టీనేజిలో ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసుకి చేసి నేర్చుకునే పాఠమే సరిపోతుందని నాకనిపిస్తుంది.

ఫలితం కొలిచారు కూడా. కార్యక్రమం గట్టిగా నడిచిన ఊళ్లో, అంతగా నడవని ఊరితో పోలిస్తే, 'బతకడానికి నాకు కారణాలున్నాయి' అన్న భావం పిల్లల్లో ఎక్కువగా పెరిగింది. మద్యం పర్యవసానాల గురించి ఆలోచించే తీరులో మాత్రం అంత తేడా రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పిన ఈ రెండో మాట వల్లే మొదటి మాట మీద నాకు నమ్మకం కలుగుతోంది.

అయితే ఈ విరుగుడు తయారయ్యేది ఆ నేల మీద, ఆ నీళ్లలో. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మంచు ఆలస్యంగా గడ్డకట్టి తొందరగా కరుగుతుంటే, పెద్దలు తరతరాలుగా చదివిన గుర్తులు తప్పుతున్నాయి. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగి, నది ఒడ్డు కోసుకుపోవడంతో న్యూటాక్ అనే ఊరు మొత్తం మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలాల్సి వచ్చింది. మొదటి కుటుంబాలు 2019లో వెళ్లాయి.

యూకాన్ నదిలో చేపలూ తగ్గిపోయాయి. వేసవిలో ఒడ్డున గుడారాలు వేసుకుని సాల్మన్ పట్టడం, కోయడం, ఎండబెట్టడం, పొగబెట్టడం అక్కడి ఇంటిల్లిపాది పని. పిల్లలు అమ్మమ్మల, తాతల పక్కన కూర్చుని నేర్చుకునే కాలం అదే. యూకాన్‌లో చినూక్ అనే రకం సాల్మన్ వేటను ఏడేళ్లు ఆపాలని అలాస్కా, కెనడా 2024 ఏప్రిల్‌లో ఒప్పుకున్నాయి. ఆచారాల కోసం కొద్దిపాటి వెసులుబాటు ఉంది. చేప మళ్లీ పెరగాలంటే ఆపక తప్పదు. కానీ ఆ ఏడాది పదకొండేళ్లున్న పిల్లకి నిషేధం ముగిసేసరికి పద్దెనిమిది వస్తాయి. ఆ ఏడేళ్లూ చినూక్‌ని కోయడం ఆమెకి ఎవరు, దేనితో నేర్పాలన్నది అక్కడి పెద్దల ముందున్న ప్రశ్న.