నల్లగొండలో పోలీసు యాక్షన్: దారి తెలిసిన సైన్యానికి ఊరు అంతుపట్టలేదు

1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలపడానికి బెజవాడ వైపు నుంచి కదిలిన యూనియన్ (భారత) సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ దారి పట్టింది. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరితో ప్రధాన బలగం వచ్చింది. ఈ నేల వాళ్లకు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో దశాబ్దాల పాటు ఉన్న భారత సైన్యం ఆ ఏడాది మొదట్లోనే ఖాళీ చేసి వెళ్లింది. ఇక మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, అది అప్పట్లో భారత్‌లోని కృష్ణా జిల్లాలోది!

రోడ్లు, వంతెనలు, బీదర్, వరంగల్ విమానాశ్రయాలు దాస్తే దాగేవి కావు. ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ విమానాల్లో కరాచీ నుంచి ఆయుధాలు దిగుతున్న సంగతీ ఢిల్లీకి తెలుసు. ఎదురు నిలిచేది ఎందరన్నదే తేలలేదు. నిజాం సైన్యం సుమారు 22 వేలు, నిజాం వైపు పోరాడే ప్రైవేటు దళమైన రజాకార్లు 2 లక్షలని అంచనా. మూడు వారాలైనా పట్టొచ్చనుకున్నది ఐదు రోజుల్లో ముగిసింది. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేసినా సైన్యం ఆగలేదు. ఆ తప్పు లెక్క వల్ల వచ్చిన నష్టం పెద్దగా లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. 1946 జూలై 4న కడివెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పటి నుంచి ఈ జిల్లా పల్లెల్లో సంఘం, అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ, వేళ్లూనుకుంది. సంఘం సాయుధ దళం ఎక్కడుందో, కబుర్లు మోసే కొరియర్ ఎటు పోయాడో ఊరికి తెలుసు. మిలిటరీ గవర్నర్ చౌదరి పాలనకు మాత్రం తెలియదు. మరి చెప్పేదెవరు? గడీలు వదిలి పట్నం పారిపోయి, సైన్యం వెనకే తిరిగొచ్చిన దొరలు, వాళ్ల పటేల్, పట్వారీలు. సంఘం పంచిన భూముల్లో తమవీ ఉన్నాయి కాబట్టి వాళ్లు చెప్పే పేర్లలో పాత పగలూ కలిసేవి. చెప్పినవాడికి ఇందులో ఏం లాభమని అడగకుండా దాడికి వెళితే ఏమవుతుంది? దొరికినవాడు దళంవాడు కాకపోయినా వాడి ఊరంతా దళం వైపు తిరుగుతుంది.

భూమి గొడవ సర్కారుకు అర్థం కాలేదని కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా సాగింది. మరుసటి ఏడాది ఓట్ల లెక్కింపులో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి.