ఎల్క్ డ్రాలో 84 శాతం సరే, డ్రా బయట పోయేది ఎవరి వాటా?

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లాలంటే మార్చిలో దరఖాస్తు పెట్టుకోవాలి. వరుసగా మూడు వేట కోడ్‌లు ఎంచుకోవాలి. కోడ్ మధ్యలో 1 ఉంటే మామూలు తుపాకీ, 2 ఉంటే విల్లు, 3 ఉంటే గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ. లైసెన్సు రుసుము మొత్తం ముందే కట్టించుకుంటారు. ఏప్రిల్‌లో డ్రా తీస్తారు. పేరు రాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది, మళ్లీ మార్చి దాకా ఆగాలి. పక్కనున్న అరిజోనాలోలాగా పేరు రాని ఏళ్లకు పాయింట్లు కలవవు. పదేళ్లుగా వేస్తున్నవాడూ, ఈ ఏడే మొదటిసారి వేసినవాడూ డ్రాలో సమానమే.

ఆ ఏప్రిల్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అక్కడి స్థానిక వేటగాళ్లు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. డ్రా లైసెన్సుల్లో మాకు 84 శాతం అని చట్టం రాసింది కదా, మరి శరదృతువులో అడవికి వెళ్లి చూస్తే ఇంతమంది బయటి రాష్ట్రాలవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు? 2025లో శాసనసభ లైసెన్సు రుసుములు పెంచుతూ చట్టం చేసింది. ఎక్కువ కట్టమంటున్నప్పుడు మా వాటా లెక్క కూడా చెప్పమని వాళ్లు అడగడంలో నాకు తప్పేమీ కనిపించదు.

వేట నిషేధం అమల్లో ఉన్న దేశం నుంచి చూసేవాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. ఎల్క్ అంటే మన కణుజు లాంటి జంతువే, ఒళ్లు మాత్రం ఇంకా పెద్దది. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఒక్కటి దొరికితే చిన్న కుటుంబానికి ఏడాది మాంసం. ఆ రాష్ట్రంలో జీతంతో బతికే ఇంట్లో డీప్ ఫ్రీజర్ నిండటమంటే ఆ ఏడాది కిరాణా ఖర్చు తగ్గడమే. ఇది కేవలం సరదా వ్యవహారం కాదని ముందే చెబుతున్నది అందుకే.

కోటా లెక్క మాత్రం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 85:15 అంటూ స్థానికులు, స్థానికేతరుల పంపకం మధ్యే మన చదువులు సాగాయి. ఆ పంపకం కన్వీనర్ కోటా సీట్లకే వర్తిస్తుందనీ, మేనేజ్‌మెంట్ కోటా దాని బయట ఉంటుందనీ కూడా మనకు తెలుసు. న్యూ మెక్సికో వేటగాళ్ల ఫిర్యాదు సరిగ్గా ఇదే. వాళ్ల మేనేజ్‌మెంట్ కోటా రాంచ్‌ల, అంటే పశువులు పెంచే పెద్ద ప్రైవేటు భూముల, యజమానుల చేతిలో ఉంది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ అంతరించిపోయే దశకు రావడం, యెల్లోస్టోన్ జాతీయ వనం నుంచి తెచ్చి మళ్లీ వదలడం, వన్యప్రాణి ప్రజల ఉమ్మడి ఆస్తి అన్న సూత్రం నిలదొక్కుకోవడం తరచూ రాసే సంగతులే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. నేటి తగాదాకు మూలం అంత వెనక లేదు. అది 2002, 2005 మధ్య మూడేళ్లలో ఉంది.

అప్పటివరకూ రాష్ట్రాలకు ధీమా ఇచ్చింది 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అప్పట్లో మోంటానాలో స్థానికుడు 9 డాలర్లు కట్టి ఎల్క్ వేటకు వెళ్లగలిగేవాడు. బయటివాడు ఒక్క ఎల్క్ కోసమే వెళ్లినా 225 డాలర్ల కలగలుపు లైసెన్సు కొనాల్సి వచ్చేది. అంటే పాతిక రెట్లు. ఇది వివక్ష అని వేసిన బాల్డ్విన్ కేసును కోర్టు 6-3 తేడాతో కొట్టేసింది. బయటివాడికి ఎల్క్ వేట వినోదం, క్రీడ మాత్రమే, బతుకుతెరువు కాదు, కాబట్టి దానిలో రాష్ట్రం తేడా చూపినా రాజ్యాంగం అడ్డురాదని జస్టిస్ బ్లాక్‌మన్ రాశారు.

‘బతుకుతెరువు కాదు’ అన్న ఆ ఒక్క మాట మీదే పాతికేళ్ల తర్వాత దెబ్బ పడింది.

అరిజోనా 1991 నుంచి ఒక పరిమితి పాటిస్తూ వచ్చింది. రాష్ట్రమంతటా మగ ఎల్క్‌కూ, కొలరాడో నదికి ఉత్తరాన కొమ్ములున్న జింకకూ ఇచ్చే ట్యాగుల్లో, అంటే ఒక్కో జంతువును వేటాడే అనుమతుల్లో, బయటివాళ్లకు 10 శాతం మించకూడదు. నది ఉత్తరాన ఉన్నది కైబాబ్ పీఠభూమి. అక్కడి మ్యూల్ డీర్ అనే జింక కొమ్ముల కోసం దేశమంతా ఎగబడుతుంది. ఈ పరిమితిపై కేసు వేసినవాళ్లు పొరుగునున్న న్యూ మెక్సికోకు చెందిన వృత్తి వేటగాళ్లు, గైడ్లు. వాళ్ల వాదన తెలివైనది. మేం వేటకు వచ్చేది సరదాకు కాదు, వ్యాపారానికి, జంతువు కొమ్ములూ చర్మమూ లాంటి తినని భాగాలు అమ్ముకోవడానికి, అలా అమ్మడాన్ని అరిజోనా చట్టమే అనుమతిస్తోంది అన్నారు. అమ్మకం ఉందంటే అది రాష్ట్రాల మధ్య వాణిజ్యం. రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో సొంతవాడికి ఓ రీతి, పొరుగువాడికి ఓ రీతి అనే హక్కు రాష్ట్రానికి లేదు.

2002 ఆగస్టులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ వాదన విన్నది. వన్యప్రాణిని కాపాడుకోవడం, సొంత పౌరులకు వేట అవకాశం నిలపడం న్యాయమైన లక్ష్యాలేనని ఒప్పుకుంది. అయితే ఇంతకంటే తక్కువ వివక్షతో ఆ లక్ష్యం నెరవేరదని రుజువు చేయాల్సిన భారం అరిజోనా మీద పెట్టి, కేసును కింది కోర్టుకు పంపింది. 2004లో కింది కోర్టు ఆ రుజువు చాలదని 10 శాతం పరిమితిని కొట్టేసింది.

ఒక్క అరిజోనాతో పోయేది కాదు. నెవాడా, ఐడహో, మోంటానా, అలాస్కా అన్నీ ఆ అప్పీలు కోర్టు పరిధిలోవే. అన్నిటికీ ఇలాంటి పరిమితులే ఉన్నాయి. ఊళ్లో పన్ను కట్టి, కరువు ఏళ్లలో ట్యాగులు తగ్గిస్తే ఓర్చుకుని, కొండల్లో సొంత చేతులతో నీటి తొట్లు కట్టినవాడు, దేశం నలుమూలల నుంచి వచ్చిపడే దరఖాస్తులతో ఒకే గోలెంలో తన చీటీ వేసుకోవాలి. ఆ ఏడాది పశ్చిమ రాష్ట్రాల్లో అలజడి అందుకే అంతగా రేగింది.

దీన్ని ఆపింది కోర్టు కాదు, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్. 2005లో నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ ఒక చిన్న నిబంధన ప్రతిపాదించారు. స్థానికులకూ స్థానికేతరులకూ వేరువేరు లైసెన్సులు, వేరువేరు రుసుములు, వేరువేరు వాటాలు పెట్టుకునే అధికారం రాష్ట్రాలదే, రాజ్యాంగంలోని వాణిజ్య అధికరణం దానికి అడ్డంకి కాదు అన్నది దాని సారం. విడిగా ఒక బిల్లుగా అది అంత త్వరగా గట్టెక్కేది కాదేమో. దాన్ని సుమారు 8,200 కోట్ల డాలర్ల అత్యవసర నిధుల బిల్లులో చేర్చారు. రక్షణకు, ఉగ్రవాదంపై యుద్ధానికి, సునామీ సాయానికి ఉద్దేశించిన బిల్లు అది. అదే 2004 డిసెంబరు సునామీ, పౌర్ణమి స్నానాలకు వెళ్లినవాళ్లను మన మంగినపూడి తీరంలో కెరటాలు లాక్కుపోయిన సునామీ. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల డ్రైవింగ్ లైసెన్సు మీద కనిపించే నక్షత్రం గుర్తుకు మూలమైన రియల్ ఐడీ చట్టమూ ఆ బిల్లులోదే. 2005 మే 11న అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు. అరిజోనా తన 10 శాతాన్ని మళ్లీ తెచ్చుకుంది. అదే ఏడాది ఫ్లోరిడా వాసి ఒకరు వయోమింగ్ మీద వేసిన కేసును పదో సర్క్యూట్ కోర్టు కొట్టేస్తూ, వాణిజ్యం వాదనకు ఈ చట్టంతో తావు లేకుండా పోయిందని తేల్చింది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు, స్థానికుడు గెలిచాడు అని. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. 2005 చట్టం వాటా ఎంతో చెప్పలేదు. పంచే అధికారాన్ని రాష్ట్రం చేతికిచ్చి ఊరుకుంది. ఆ రోజు నుంచి స్థానిక వేటగాడి తగాదా ఫ్లోరిడావాడితోనో టెక్సస్‌వాడితోనో కాదు, తన శాసనసభతోనే, వేట నియమాలు చేసే తన కమిషన్‌తోనే. బయటివాడికి పోయే ప్రతి ట్యాగూ సొంత రాష్ట్రం ఇష్టపడి ఇచ్చిందే అవుతుంది.

మోంటానా ఈ సంగతి ముందుగా పసిగట్టింది. అక్కడ బయటివాళ్లకు కేటాయించిన లైసెన్సుల్లో 5,500 ఎల్క్-జింక కలగలుపు లైసెన్సులు, 2,300 జింక లైసెన్సులు ఔట్‌ఫిటర్ల ఖాతాదారులకు ఖాయంగా ఉండేవి. ఔట్‌ఫిటర్ అంటే గుర్రాలు, గుడారాలు, గైడ్‌తో సహా వేట ఏర్పాట్లు చేసిపెట్టే వ్యాపారి. అతనికి డబ్బు కట్టినవాడు డ్రా దాటుకుని పోయేవాడు. ఆ ఖాతాదారుల కోసం ఔట్‌ఫిటర్లు రాంచ్‌లను గుత్తకు తీసుకోవడంతో, పక్క ఊరివాడు తాతల నాటి నుంచి అడిగి వెళ్తున్న గేట్లు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. 2010లో ఐ-161 పేరుతో ప్రజాభిప్రాయానికి పెడితే ఓటర్లు ఆ రిజర్వేషన్ రద్దు చేశారు. బయటివాళ్ల కలగలుపు లైసెన్సు రుసుము 628 నుంచి 897 డాలర్లకు పెరిగింది. ఆదాయం పోతుందన్న వాదనకు స్థానికులు ఇచ్చిన జవాబు అది. అయితే 2021లో శాసనసభ, ఔట్‌ఫిటర్‌తో ముందే మాట్లాడుకున్న బయటివాళ్లకు ఆ ఏడాదికి అదనపు లైసెన్సులు ఇచ్చింది. వయోమింగ్ 2022లో కొండగొర్రె, మూస్ అనే భారీ జింక, కొండమేక వంటి అరుదైన వాటికి స్థానికులకు 90, బయటివాళ్లకు 10 అని చట్టం చేసింది.

న్యూ మెక్సికో 2011లో తన వాటాలు మార్చింది. అంతకుముందు స్థానికులకు 78, బయటివాళ్లకు 12, ఔట్‌ఫిటర్‌తో ఒప్పందం ఉన్నవాళ్లకు 10. కొత్త చట్టంలో 84, 6, 10. కాగితం మీద ఇది పశ్చిమాన ఉన్న మంచి లెక్కల్లో ఒకటి. ఔట్‌ఫిటర్ పదిశాతంలోకి స్థానికుడూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఇంటి పక్క కొండకు వెళ్లడానికి వేల డాలర్లిచ్చి గైడ్‌ను పెట్టుకునేవాళ్లు ఎందరుంటారు? ఆ పదిలో ఎక్కువ బయటివాళ్లకే పోతుంది.

అంతకన్నా పెద్ద చిల్లు డ్రా బయట ఉంది. ప్రైవేటు భూమి ఎల్క్ విధానం, వాడుకలో ఈప్లస్, దాని ప్రకారం ఎల్క్ తిరిగే రాంచ్‌ల యజమానులకు రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి పత్రాలు ఇస్తుంది. యజమాని ఆ పత్రాన్ని తానే వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. కొన్నవాడు దాన్ని చూపించి లైసెన్సు తీసుకుంటాడు. 84-6-10 వాటా డ్రాకే పరిమితం కాబట్టి ఈ పత్రాలకు స్థానికత లెక్కే లేదు. డబ్బున్నవాడికి, అంటే ఎక్కువగా బయటి రాష్ట్రాలవాడికి, అవి చేరతాయి.

ఇందులో స్థానికుణ్ని అన్నిటికంటే బాధించేది ‘యూనిట్ మొత్తం’ రకం పత్రం. యూనిట్ అంటే వేట కోసం రాష్ట్రాన్ని విడదీసిన ఒక్కో ప్రాంతం. ఆ పత్రం కొన్నవాడు ఆ రాంచ్ కంచె లోపలే వేటాడక్కర్లేదు. ఆ యూనిట్‌లోని ప్రభుత్వ అడవిలోనూ తిరగొచ్చు. హీలా జాతీయ అడవి చుట్టుపక్కల యూనిట్లు పెద్ద కొమ్ముల ఎల్క్‌కు పేరుపడ్డవి. అక్కడ డ్రాలో పేరు రావడానికి ఏళ్లకేళ్లు ఎదురుచూసే స్థానికుడు, అదే లోయలో, అదే సెప్టెంబరు ఉదయం, పత్రం కొనుక్కుని వచ్చినవాడి ట్రక్కు పక్కన నిలబడి అతను కట్టుకున్న గుడారం చూస్తాడు. తన చేతిలో మాత్రం ఏప్రిల్‌లో వచ్చిన ‘పేరు రాలేదు’ అన్న సందేశమే ఉంటుంది.

రాంచ్ యజమానుల మాటా ఉంది. ఎల్క్ మందలు అల్ఫాల్ఫా పశుగ్రాసం చేలు మేస్తాయి, కంచెలు విరగ్గొడతాయి, పశువుల కోసం తవ్విన నీళ్లు తాగుతాయి. ఆ నష్టానికి బదులుగా పత్రమైనా ఇవ్వకపోతే ఎల్క్‌ను ఎవరు భరిస్తారని వాళ్లంటారు. ‘యూనిట్ మొత్తం’ పద్ధతిలో చేరినవాళ్లు తమ రాంచ్ గేటు డ్రాలో గెలిచినవాళ్లకూ తెరవాలి కదా అన్నది మరో మాట. నష్టం నిజమే, గేట్లు తెరవడమూ నిజమే. అయితే నష్టానికి పరిహారంగా మొదలైనది అమ్మకపు సరుకుగా ఎందుకు మారాలి? పరిహారం డబ్బుగా ఇవ్వొచ్చు, కంచెలు వేయించొచ్చు. ప్రజలందరి జంతువు మీద హక్కును ఎక్కువ ధర పలికినవాడికి బదిలీ చేయడం ఒక్కటే దారి కాదు. బయటివాళ్లు కట్టే పెద్ద రుసుములతోనే శాఖ నడుస్తోందన్న మాటా వింటుంటాం. కానీ పత్రం అమ్మితే వచ్చే వేల డాలర్లు రాంచ్ యజమానికి వెళ్తాయి. శాఖకు చేరేది లైసెన్సు రుసుమే.

మోంటానావాళ్లలా ఓటు పెట్టించుకుందామంటే న్యూ మెక్సికోలో ఆ దారి లేదు. ప్రజలే చట్టం ప్రతిపాదించి బ్యాలెట్ మీదికి తెచ్చే హక్కును ఆ రాష్ట్ర రాజ్యాంగం ఇవ్వలేదు. ఇక మిగిలింది శాసనసభ, లేదా గవర్నర్ నియమించే ఏడుగురు సభ్యుల కమిషన్. పత్రాలు ఏ యూనిట్‌లో ఎన్ని, ఏ లెక్కన ఇవ్వాలో కమిషన్ నియమాల్లోనే ఉంది. అందుకే కమిషన్ సమావేశం జరిగిన ప్రతిసారీ వేటగాళ్లు మైకు ముందు వరుసకడుతున్నారు. ప్రతి యూనిట్‌లో డ్రా ట్యాగులూ పత్రాలూ కలిపి మొత్తం ఎన్ని, అందులో స్థానికుల చేతికి వచ్చినవి ఎన్ని అని ఒకే పట్టికలో ఏటా ప్రకటించమన్నది వాళ్ల మొదటి కోరిక. ‘యూనిట్ మొత్తం’ పత్రాలను ప్రభుత్వ అడవిలోకి రాకుండా రాంచ్ వరకే పరిమితం చేయమన్నది రెండోది.