జీడిపప్పు పద్దుల్లో లాభమెంత, దోపిడీ ఎంత? అపోహలు - వాస్తవాలు

పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలకు పద్దులు రాయడం నా పని. "ఒకరి కష్టం మీద ఇంకొకరు బాగుపడుతున్నారు" అనే మాట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది.

అపోహ: లాభం వచ్చిందంటే దోచుకున్నట్టే.

వాస్తవం: పద్దు అలా చెప్పదు. ఉద్దానం రైతు దగ్గర 80 కిలోల జీడిపిక్కల (పెంకు తీయని గింజల) బస్తా కొంటే, చేతికొచ్చే పప్పు అందులో దాదాపు నాలుగో వంతు. పిక్క వచ్చేది ఎండాకాలంలోనే. మిగతా ఏడాది ఫ్యాక్టరీ నడవాలంటే ముందే కొని గోదాములో పెట్టాలి, లేదా ఆఫ్రికా పిక్క తెప్పించాలి. వడ్డీ, ధర పడితే నష్టం యజమానివే. మిగులంతా శ్రమ నుంచే పుడుతుందన్న మార్క్స్‌తో నాకు పేచీ ఇక్కడే.

అపోహ: ఇష్టపడే వస్తున్నారు కదా, ఇంకేం దోపిడీ?

వాస్తవం: ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. మనిషి ఒప్పుకొని వచ్చినా సరే, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయే. పేదరికమూ ఒక బలవంతమేనంది. ఇక అడ్వాన్సిచ్చి ఇంకోచోటికి కదలనివ్వకపోవడం వెట్టి. దాన్ని 1976లోనే చట్టం చేసి రద్దు చేశారు.

అపోహ: కిలోల లెక్కన కూలి కాబట్టి మోసానికి తావులేదు.

వాస్తవం: నేను చూసిన దోపిడీ అంతా కాటా దగ్గరే. ఒకచోట పొట్టు తీసేవాళ్లు పప్పు తెస్తే ముక్క ఏరేసి, గుండుకే (విరగని పప్పుకే) కూలి కట్టేవారు. విరిగితే ధర తగ్గుతుంది కదా, న్యాయమే అనుకున్నా. నిజానికి పప్పు ఆరబెట్టే బోర్మాలో వేడి ఎక్కువైతే అది పెళుసెక్కుతుంది, ఆ తప్పు వాళ్ల చేతిది కాదు. నెలాఖరున అమ్మకాల పుస్తకం తీస్తే ఆ ముక్కే మిఠాయి కొట్లకు వెళ్లింది. కూలి పద్దులో లేని సరుకు అమ్మకం పద్దులోకి ఎలా వచ్చిందని అడిగా. నీ పని నువ్వు చూసుకోమన్నారు. ఆ పద్దు వదిలేశాను, కాకపోతే మూడు నెలలు ఆలస్యంగా.

ఇంకోచోట ఎలక్ట్రానిక్ కాటా పెట్టారు. అంకెలు గుమస్తా వైపే ఉంటాయి. ఒక అప్ప నన్ను పిలిచింది: "ఆ అంకెలెప్పుడూ మీ కాసే సూస్తాయేటి బాబూ? ఓపాలి నా కాసి తిప్పు."

తిప్పాను. 6 కిలోల 800 గ్రాములు. గుమస్తా పుస్తకంలో ఆరున్నర అని ఉంది.