"నీకు అక్కర్లేదులే" అన్న మాట వెనక వందేళ్ల కథ

చూపు లేని, వినపడని పిల్లలకు మన బళ్లలో సంగీతం, డ్రాయింగు లాంటి కళలు ఎలా అందాయి, ఎక్కడ అందకుండా పోయాయి అన్నదే ఈ కథ. విజయనగరం సంగీత కళాశాల అనగానే ఘంటసాల గారు అక్కడే చదివారని గొప్పగా చెప్పుకుంటాం, అక్కడితో ఆపేస్తాం. అసలు ఆ బడి ఎందుకు పుట్టిందన్నది ఇంకా ఆసక్తికరం. రాజావారి కొలువులో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, ఆ పిల్లాడికి సంగీతం చెప్పించడానికే విజయరామ గజపతిరాజు గారు 1919లో దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఇప్పుడు మనం సహిత విద్య (అందరు పిల్లలకూ ఒకే బడిలో చదువు) అంటూ మామూలు బడిలోకి చూపు లేని పిల్లాణ్ణి ఎలా చేర్చాలా అని మీటింగులు పెట్టుకుంటున్నాం కదా, అక్కడ జరిగింది దానికి సరిగ్గా ఉల్టా: చూపు లేని పిల్లాడి కోసం పెట్టిన బడిలోకి మిగతా పిల్లలు వచ్చి చేరారు.

ఆ బడిలోనే 26 ఏళ్లకే వయొలిన్ ప్రొఫెసరై, 1936లో ప్రిన్సిపాల్ కూడా అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగతీ ఇలాంటిదే. చూపు సరిగా లేదని చిన్నప్పుడు ఆయన్ని బడి నుంచి ఇంటికి పంపేశారు, ఇంట్లో అన్నగారు వయొలిన్ చేతికిచ్చారు. అదే 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ అనే చిత్రకళల బడి మొదలైతే, ఒక కంటికి చూపు లేక, రెండో కంటికి అంతంతమాత్రంగా ఉన్న బినోద్ బిహారీ ముఖర్జీ అనే కుర్రాడు అందులో చేరాడు. 1950ల్లో కంటి ఆపరేషన్ వికటించి ఉన్న కాస్త చూపూ పోయినా ఆయన పని ఆపలేదు, కాగితం కత్తిరించి అతికించాడు, మట్టితో బొమ్మలు చేశాడు, 1972లో ఏకంగా గోడ మీద పలకలతో పెద్ద బొమ్మ కట్టాడు.

అలాగని ఆ కాలం గొప్పది, ఈ కాలం చెడ్డది అనడం లేదు. ఒక రాజుగారి మనసు, ఒక గురువుగారి ఓపిక మీద నడిచిన వ్యవహారం అది, అవి దొరకని వేలమంది పిల్లల పేర్లు మనకు తెలియవు. పైగా మన సంగీతం గురుముఖంగా నేర్చుకునేది, మొదటి పాఠాలైన సరళీ స్వరాలు చెవితో విని నోటితో అప్పజెప్పాలి, కాబట్టి చూపు లేకపోయినా అందులో నెగ్గుకురావచ్చు. పుస్తకం, నోట్సు, థియరీ పరీక్ష వచ్చాకే అక్కడా తలుపు సగం మూసుకుంది.

ఇంకోవైపు 1880ల నుంచి అంధులకూ బధిరులకూ విడిగా బళ్లు వచ్చాయి. మంచి పనే, కానీ వాటితోపాటు ఒక అలవాటు కూడా స్థిరపడింది. చూపు లేకపోతే హార్మోనియం, కుర్చీల అల్లిక. వినపడకపోతే డ్రాయింగు, కుట్టుపని. పిల్లకి ఏది ఇష్టమో అడిగే పని లేదు, లోపాన్ని చూసి కళను కేటాయించడమే.

ఈ పిల్లలను మామూలు బళ్లలో చేర్చుకోవడానికి కేంద్రం 1974లో ఒక పథకం పెట్టింది, 1995లో వికలాంగుల కోసం చట్టం వచ్చింది. ఆ చట్టం ధోరణి ఎక్కువగా మినహాయింపు: చూపు లేని పిల్లలకు లెక్కల ప్రశ్నలు కొన్ని తీసేయండి, వినపడని పిల్లలకు ఒక్క భాష చాలు అని. పరీక్ష టెన్షన్ తగ్గిందన్నది నిజమే. కానీ అదే మినహాయింపు డ్రాయింగు పీరియడ్‌లోకి వచ్చేసరికి "నీకు అక్కర్లేదులే, అక్కడ కూచో" అయింది.

దాని స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకొంచెం ముందుకెళ్లింది. కళలు, సంస్కృతికి సంబంధించిన కోర్సులను ఈ పిల్లలు పాల్గొనేలా తిరిగి రూపొందించాలని 29వ సెక్షన్‌లో తిన్నగా రాశారు. అయితే ఆ మాట ఉన్నది చదువు అధ్యాయంలో కాదు! సామాజిక భద్రత, ఆరోగ్యం, పునరావాసం, వినోదం అనే అధ్యాయంలో, ఆటల సెక్షన్‌కి ముందు. అంటే చట్టం రాసినవాళ్ల దృష్టిలో కూడా ఇది కాలక్షేపమే అన్నమాట. (నాకైతే మొత్తం గొడవ ఇక్కడే కనిపిస్తుంది.)

దీనికి తోడు విద్యా హక్కు చట్టం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితేనే ఆర్ట్‌కి టీచరు ఉండాలంటుంది, అదీ పార్ట్‌టైమ్. మన పల్లెల్లో వంద దాటని అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూళ్లు ఎన్నో, అక్కడ డ్రాయింగు పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ పూర్తిచేసుకునే పీరియడ్. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం ఉంది, అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు, ప్రత్యేక టీచర్లు పాపం తిరుగుతూనే ఉంటారు. కానీ వాళ్లకి కళ నేర్పే శిక్షణ లేదు, డ్రాయింగు మాస్టారికి ఈ పిల్లలతో పనిచేసే శిక్షణ లేదు, ఇద్దరూ ఒకే గదిలో కూచునేది ఎప్పుడో!

తెలిసిన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఎవరూ చెప్పకుండానే ఒక పని చేశారు. చూపు లేని ఏడో తరగతి పాప కోసం అట్టముక్క మీద ఫెవికాల్ గీత గీసి, దాని మీద ఉన్ని దారం అతికించి, మామిడికాయ బొమ్మ చేసి ఆరాక చేతికిచ్చారు. ఆ పిల్ల వేలితో చుట్టూ రెండుసార్లు తడిమి, "తొడిమ పెట్టడం మర్చిపోయారు సార్" అందట.