లాంగ్‌వుడ్ మేడ: అపోహలు, వాస్తవాలు

పాత ఇటుక కట్టడాలకు మరమ్మతులు చేయించడం నా వృత్తి. అమెరికా దక్షిణాదిలో అంతర్యుద్ధానికి (1861–65) ముందు కట్టిన ‘యాంటీబెల్లం’ మేడలు చూసొచ్చిన మనవాళ్లు ఏవేవో కథలు మోసుకొస్తుంటారు. మిసిసిపీ రాష్ట్రం, నాచెజ్ ఊళ్లోని లాంగ్‌వుడ్‌ను ముందుపెట్టుకుని కొన్నిటి సంగతి చూద్దాం.

అపోహ: ఇవన్నీ తెల్లటి పాలరాతి స్తంభాల భవంతులు.
వాస్తవం: ఆ స్తంభాలు చాలాచోట్ల సున్నం పూసిన ఇటుక, లేదంటే కొయ్య. లాంగ్‌వుడ్ అయితే ఎనిమిది పలకల ఇల్లు. నెత్తిన ఉల్లిగడ్డలాంటి గుమ్మటం!

అపోహ: దక్షిణాది ధనికులంతా యుద్ధం కోరుకున్నవాళ్లే.
వాస్తవం: లాంగ్‌వుడ్ యజమాని హాలర్ నట్ దక్షిణాది రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోవడానికి వ్యతిరేకి. అలాగని ఆయన్ని మంచివాడిగా చూపించే గైడ్ల మాట నేను ఒప్పుకోను. ఆయన పత్తి తోటల్లో వందలమంది బానిసలు ఉండేవారు.

అపోహ: ఫిలడెల్ఫియా నిపుణులు కట్టిన ఇల్లది.
వాస్తవం: నమూనా గీసింది ఫిలడెల్ఫియా వాస్తుశిల్పి శామ్యూల్ స్లోన్, నిజమే. 1860లో పని మొదలైంది. మరుసటి ఏడాదే యుద్ధం రావడంతో ఆయన పంపిన పనివాళ్లు సామాన్లు వదిలేసి ఉత్తరాదికి వెళ్లిపోయారు. అయితే గోడల్లోని లక్షల ఇటుకలు అక్కడే తయారయ్యాయి. మట్టి పిసికి, కాల్చింది బానిసలు. ఉత్తరాదివాళ్లు పోయాక నేలమాళిగను నివాసానికి సిద్ధం చేసిందీ స్థానిక పనివాళ్లు, బానిసలే. 32 గదుల్లో పూర్తయినవి ఆ నేలమాళిగలోని 9 మాత్రమే. నట్ 1864లో చనిపోయాడు. భార్య జూలియా, పిల్లలు ఆ కింది అంతస్తులోనే బతుకీడ్చారు. పైకెక్కితే నేటికీ పూత లేని ఇటుక, బయటపడిన దూలాలు. నాలాంటివాడికి అదే పాఠశాల. పూత వేసిన మేడలో పనితనం ఎవరిదో కనిపించదు.

అపోహ: పాత గోడకు సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.
వాస్తవం: ఇంతకన్నా ద్రోహం లేదు. చేత్తో పోసిన ఇటుక మెత్తన. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. నాలుగు వానాకాలాలయ్యాక ఇటుక ముఖమే పొరలు పొరలుగా రాలుతుంది. మన కోటల డంగు సున్నానికీ ఇదే సూత్రం.

అపోహ: యుద్ధంలో దాదాపు అన్నీ బూడిదయ్యాయి.
వాస్తవం: నాచెజ్ 1862లో పెద్ద పోరాటం లేకుండానే లొంగిపోయింది. అందుకే అక్కడ ఇన్ని మేడలు మిగిలాయి.

అపోహ: ఇప్పుడివి పెళ్లి మండపాలే.
వాస్తవం: కొన్ని అంతే. లాంగ్‌వుడ్‌ను మాత్రం స్థానిక మహిళల పిల్‌గ్రిమేజ్ గార్డెన్ క్లబ్ మ్యూజియంగా నడుపుతోంది. ఆ ఊళ్లో మేడలు చూపించే వార్షిక సందర్శనం 1932 నుంచి ఉంది. మెల్‌రోజ్ అనే మరో మేడ జాతీయ పార్కుల శాఖ చేతిలో ఉంది, బానిసల సంత జరిగిన ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్ కూడా వాళ్లదే. వెళ్లేవాళ్లు ముందు ఆ సంత చోటు చూసి, ఆ తర్వాతే లాంగ్‌వుడ్ మెట్లెక్కండి.