రెడ్డిట్ యాప్‌లకు నెలనెలా డబ్బులెందుకు? అపోహలు - వాస్తవాలు

2023 జులై 1 నుంచి చర్చా వేదిక రెడ్డిట్ తన ఏపీఐకి (బయటివాళ్లు చేసిన యాప్‌లు దాని పోస్టులు తెచ్చుకునే దారి) రేటు పెట్టింది: వెయ్యి కాల్స్‌కు, అంటే యాప్ పంపే వెయ్యి అభ్యర్థనలకు, 0.24 డాలర్లు. అంతకు ముందు రోజే అలాంటి యాప్‌లు అపోలో, రెడ్డిట్ ఈజ్ ఫన్, సింక్, బేకన్ రీడర్ మూతపడ్డాయి. రిలే, నార్వాల్, ఇన్ఫినిటీ సబ్‌స్క్రిప్షన్ పెట్టుకుని నిలబడ్డాయి. వాటి మీద వినిపించే మాటలు ఇవీ.

అపోహ: పోస్టులు జనం రాసినవి, సర్వర్లు రెడ్డిట్‌వి. యాప్ చేసినవాళ్లకు ఖర్చేముంది?

మీటర్ తిరిగేది యాప్ పేరు మీదే. ఫీడ్ తెరిస్తే ఒక కాల్. పోస్టు నొక్కితే కామెంట్ల కోసం ఇంకొకటి. కింద మిగిలిన కామెంట్లు తెరిచిన ప్రతిసారీ మరొకటి. అప్‌వోట్ కొట్టినా ఒకటే లెక్క. అపోలో బయటపెట్టిన సగటు ప్రకారం ఒక్కో యూజర్‌కి రోజుకు 344 కాల్స్, అంటే నెలకు 10,320. రెడ్డిట్‌కు కట్టాల్సింది 2.48 డాలర్లు. యాప్ స్టోర్ 15 శాతం కమిషన్ పట్టుకుంటే 2.92 డాలర్లకు అమ్మితేగానీ ఆ బిల్లు తీరదు. 30 శాతమైతే 3.54. నోటిఫికేషన్ సర్వర్ అద్దె, పన్నులు, రీఫండ్‌లు ఇంకా కలపలేదు. నార్వాల్ 2 మొదట్లో నెలకు 3.99 డాలర్లు అన్నప్పుడు దోపిడీ అన్నవాళ్లు ఈ కూడిక వేసి చూడాల్సింది.

అపోహ: ఫ్రీ కోటా ఉంది కదా, అందులో సర్దుకోవచ్చు.

నిమిషానికి 100 కాల్స్ ఉచితం, నిజమే. కానీ అది ఒక్కో యూజర్‌కి కాదు, ఒక్కో క్లయింట్ ఐడీకి, అంటే రెడ్డిట్ యాప్‌ను గుర్తుపట్టే కోడ్‌కి. యాప్ వాడే వాళ్లందరికీ కలిపి అంతే. రోజుకు 1,44,000 కాల్స్‌ను 344తో భాగిస్తే 418 మంది. అదీ ఇరవై నాలుగు గంటలూ సమానంగా వాడితే! రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకేసారి ఫోన్ పట్టుకుంటారు, కోటా అక్కడే చితికిపోతుంది.

అపోహ: వీడియోలు ఎక్కువ చూస్తే ఎక్కువ ఖర్చు, నేను చదివేది తక్కువ.

బొమ్మలు, వీడియోలు వేరే సర్వర్ నుంచి నేరుగా వస్తాయి. అవి మీ డేటాను తింటాయి కానీ ఈ లెక్కలోకి రావు. లెక్క పెంచేది మీ కంటికి కనపడని పని. యాప్ ప్రతి 15 నిమిషాలకు ఇన్‌బాక్స్ చూస్తుంటే రోజుకు 96 కాల్స్, నెలకు 2,880. ఫోన్ జేబులో ఉండగానే 69 సెంట్లు. ఆ వ్యవధిని గంటకు మారిస్తే 17 సెంట్లే. రిలేలో ప్లాన్లు రోజువారీ కాల్స్‌ను బట్టి ఉంటాయి, కరెంటు బిల్లు శ్లాబుల్లాగే. అందుకే ప్లాన్ తీసుకునే ముందు ఈ సెట్టింగ్ మార్చి, వారం రోజుల సగటు చూడండి.

అపోహ: డబ్బు కట్టాక అఫీషియల్ యాప్‌లో ఉన్నవన్నీ వస్తాయి.

రావు. చాట్, పోల్స్‌లో ఓటు వేయడం ఏపీఐలో లేవు. కోపంతో డెవలపర్‌కి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చినా అవి రావు.

అపోహ: రెడ్‌రీడర్ ఫ్రీగా ఇస్తోంది, మిగతావాళ్లది అత్యాశ.

చూపు లేనివారికి పనికొచ్చే, వ్యాపారం చేయని యాప్‌లకు రెడ్డిట్ మినహాయింపు ఇచ్చింది. రెడ్‌రీడర్, డిస్టోపియా అలా మిగిలాయి. యాడ్స్‌తోనో చందాతోనో నడిచే యాప్‌కు ఆ దారి లేదు.

అపోహ: యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది.

ఆగదు. డబ్బు పోయేది ఇక్కడే. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్, యాప్ పేరు, క్యాన్సిల్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, పైన మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. రెన్యువల్‌కు కనీసం ఒక రోజు ముందే చేయండి. యూపీఐ ఆటోపే మాండేట్ ఒక్కటే రద్దు చేస్తే డబ్బు కట్ కాదు గానీ, స్టోర్‌లో పేమెంట్ ఫెయిల్ అని వేలాడుతుంటుంది. ముందు స్టోర్‌లో, ఆ తర్వాతే యూపీఐ యాప్‌లో.