లెక్కల్లో లాభం, గల్లాపెట్టెలో ఖాళీ: అపోహలు - వాస్తవాలు

చిన్న వర్క్‌షాపులకు, దుకాణాలకు లెక్కలు రాయడం నా పని. బ్యాలెన్స్ షీట్ చేతికివ్వగానే చాలామంది అడిగేది ఒకటే: "లాభం వచ్చిందంటున్నారు, మరి ఆ డబ్బులేవండీ?"

అపోహ: లాభం ఉంటే డబ్బుకు లోటుండదు.

ఐరన్ ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఒకటి అనుకోండి. నెలలో 5 లక్షల పని చేసి, 18 శాతం జీఎస్టీ కలిపి 5.90 లక్షలకు బిల్లు వేశారు. ఐరన్‌కు పన్నుతో సహా 3.54 లక్షలు, కూలీలకు 80 వేలు, అద్దెకూ కరెంటుకూ 40 వేలు, ఐరన్ మీద ముందే కట్టిన పన్ను (ఇన్‌పుట్) పోను జీఎస్టీ 36 వేలు. మిగిలింది 80 వేలు, బాగానే ఉంది. కానీ పార్టీ, అంటే పని చేయించుకున్న కస్టమరు, 90 రోజులకు ఇస్తానన్నాడు. పైసా రాకముందే 5.10 లక్షలు జేబులోంచి పోయాయి. ఇలా మూడు నెలలు నడిస్తే 15 లక్షలు బయటే ఉంటాయి, ఆర్డర్లు రెట్టింపైతే 30 లక్షలు. పని లేని షెడ్లకంటే, పని ఎక్కువై చేతిలో డబ్బాడక అల్లాడినవే నేను ఎక్కువ చూశాను. రేటు కంటే ముందు గడువు మాట్లాడుకోండి. కనీసం మెటీరియల్ మేరకైనా అడ్వాన్సు అడగండి.

అపోహ: పార్టీ ఇచ్చాకే జీఎస్టీ కట్టొచ్చు.

కుదరదు. నెలనెలా రిటర్న్ వేసేవారు బిల్లు వేసిన మరుసటి నెల 20లోగా కట్టాల్సిందే. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ.

అపోహ: గట్టిగా అడిగితే పార్టీ చేజారిపోతుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ, సర్వీసు యూనిట్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం పార్టీ 45 రోజుల్లోగా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. (కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు.) 2023-24 నుంచి ఇంకో మెలిక: ఆ గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టకపోతే కొన్న పార్టీకి ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలోకి రాదు. కాబట్టి ఫిబ్రవరిలోనే వాళ్ల అకౌంటెంటుకు ఉద్యమ్ సర్టిఫికెట్, బాకీ జాబితా పంపండి. ఓనరు చుట్టూ తిరగడం కంటే అదే పనిచేస్తుంది.

అపోహ: డైలీ ఫైనాన్స్‌లో పోయేది వెయ్యే కదా.

10 వేలని రాసుకుని 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతుంటుంది కనుక, సగటున మీరు వాడుకున్నది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల చిల్లరకు వెయ్యి అంటే నూటికి నెలకు ఆరు రూపాయల పైమాటే. రెండు రూపాయల వడ్డీ అంటే మొహం చిట్లించేవాళ్లే దీనికి సంతకం పెట్టేస్తారు!

అపోహ: సీసీ లిమిట్ మన డబ్బే.

సీసీ అంటే క్యాష్ క్రెడిట్, కావలసినప్పుడు తీసి మళ్లీ కట్టే బ్యాంకు అప్పు. అది సరుకు కోసం, రావలసిన బాకీల మీద ఇచ్చింది. దాంతో మెషీనో స్థలమో కొంటే ఆ సొమ్ము ఇప్పట్లో ఖాతాలోకి రాదు. లిమిట్ దాటి వరుసగా 90 రోజులు పైబడితే బ్యాంకు దాన్ని ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల్లో వేస్తుంది.